400 మీటర్లు గెలిచిన పిల్లను "ఆడపిల్లేనా" అని అడిగితే ఏం చెప్పాలి?

పీఈటీ_మాస్టారు
అందరికీ నమస్కారం. ఇక్కడ ఇంతవరకు చదవడమే కానీ రాసింది లేదు. మాది ఉత్తరాంధ్రలో ఓ జిల్లా పరిషత్ హైస్కూల్, నేను అక్కడ పీఈటీని. పోయిన వారం మండల స్థాయి ఆటల పోటీలు జరిగాయి. అండర్-17 బాలికల 400 మీటర్లలో మా తొమ్మిదో తరగతి పిల్ల గెలిచింది. గెలవడం అంటే మామూలుగా కాదు, రెండో అమ్మాయి ఇంకా ఆఖరి వంపు తిరుగుతుండగానే ఈ పిల్ల గీత దాటేసింది. పొడగరి, గొంతు కాస్త బొంగురు, జుట్టు పొట్టి (పేలు పడుతున్నాయని వాళ్లమ్మే కత్తిరిస్తుంది).

వేరే స్కూల్ తరఫున వచ్చిన ఒకాయన స్కోరర్ టేబుల్ దగ్గర అందరి ముందూ నవ్వుతూ "మాస్టారూ, ఇది నిజంగా ఆడపిల్లేనా? కాగితం ఏమైనా ఉందా?" అన్నాడు. వయసు మీద గొడవలు మాకు కొత్త కాదు, ఏటా ఉండేవే, స్టడీ సర్టిఫికెట్ తీసి చూపిస్తాం. దీనికి ఏం తీసి చూపించాలి? పిల్ల పక్కనే నిలబడి గ్లూకోజ్ నీళ్లు తాగుతోంది. విన్నది. గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయింది.

ఆయన మీద కోపం ఒక్కటే అయితే ఇక్కడ రాసేవాణ్ణి కాదు. ఇంటికొచ్చాక నాకే ఓ ప్రశ్న పట్టుకుంది. బాలికల పోటీ అని విడిగా ఒకటి పెట్టాక అందులోకి ఎవరు రావచ్చో ఎవరో ఒకరు చూడాలి కదా. ఆ చూసేవాడు ఎలా చూడాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

గుంటూరు_కారం
నాదో అడ్డదిడ్డం ప్రశ్న మాస్టారూ. అసలు విడదీయడం దేనికి? బస్సులో ఆడవాళ్ల సీట్ల లాంటిదే ఇదీ. కుస్తీలో, బాక్సింగ్‌లో బరువును బట్టి విడదీస్తున్నారుగా. అన్ని ఆటల్లోనూ ఎత్తు, బరువు కొలిచి గ్రూపులు పెట్టేయండి. ఆడా మగా గొడవ ఉండదు, కాగితం అక్కర్లేదు, తూకం మిషన్ ఒకటి చాలు.

పాత_రన్నర్_వరంగల్
తమ్ముడూ, తూకం మిషన్ చాలదు. 2000లో సిడ్నీలో మన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. స్వర్ణం వచ్చిన చైనా అమ్మాయి ఎత్తింది 242.5. రెండున్నర కిలోల తేడా అంతే, ఇప్పటికీ తల్చుకుంటే కడుపు మండుతుంది, సరే అది వేరే కథ. అదే సిడ్నీలో మగవాళ్లకు కూడా 69 కిలోల విభాగం ఉంది. అందులో గెలిచిన బల్గేరియా బోయెవ్‌స్కీ ఎత్తింది 357.5 కిలోలు. మిషన్ మీద నిలబడితే ఇద్దరిదీ ఒకటే తూకం, ఎత్తిన దాంట్లో మాత్రం 117 కిలోల పైన తేడా. నువ్వు చెప్పినట్టు బరువుతోనే విడదీసి ఉంటే మల్లీశ్వరి పేరు మనకు తెలిసేదా? ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు వెయిట్‌లిఫ్టింగ్ పెట్టిందే ఆ ఏడాది.

పరుగులో చూడు. 100 మీటర్లు మగవాళ్ల రికార్డు 9.58, ఆడవాళ్లది 10.49. దాదాపు పది శాతం. లాంగ్ జంప్‌లో 8.95కి 7.52, అక్కడ పదహారు శాతం. ఇది పట్టుదలతో పూడ్చే తేడా కాదు.

నేను 800 మీటర్లు పరిగెత్తేదాన్ని. మా జిల్లా మగపిల్లల్లో ఆరో ఏడో స్థానంలో వచ్చేవాడు కూడా నాకంటే ముందే ముగించేవాడు. కానీ నేను ఆడపిల్లల్లో ఫస్ట్ వచ్చాను కాబట్టి స్పోర్ట్స్ హాస్టల్లో సీటు వచ్చింది, ఆ సీటుతో డిగ్రీ అయింది, డిగ్రీతో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చింది. బస్సులో సీటు అన్నావు చూడు, సరిగ్గా అదే. ఆ సీటు లేకపోతే నేను ఆ బస్సు ఎక్కేదాన్నే కాదు.

గుంటూరు_కారం
అక్కా సారీ, ఆ 357 సంగతి నాకు తెలియదు. బరువు థియరీ వెనక్కి తీసుకుంటున్నా. బస్సు పోలిక మాత్రం నాదే, క్రెడిట్ ఇవ్వాలి 😀

బంటు_నుంచి_మంత్రి
పాత రన్నర్ గారు చెప్పింది కండబలం ఉన్న ఆటలకు ఒప్పుకుంటాను. మరి చెస్‌లో ఎందుకండీ? కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకు గ్రాండ్‌మాస్టర్ అయింది, మహిళా గ్రాండ్‌మాస్టర్ కాదు, మగవాళ్లకు ఇచ్చే అదే టైటిల్. తర్వాత రేటింగ్ 2600 దాటింది. హంగరీ జుడిత్ పోల్గార్ అయితే ఆడవాళ్ల టోర్నీలు దాదాపు పూర్తిగా పక్కన పెట్టేసి 2735 దాకా వెళ్లింది, ప్రపంచంలో ఎనిమిదో ర్యాంకు, 2002లో కాస్పరోవ్‌ను ఓడించింది కూడా. ఏనుగును జరపడానికి కండ అవసరం లేదుగా.

అయినా మహిళల విభాగం తీసేయమంటే నేను ఒప్పుకోను, అక్కడే నాకు చిక్కు. మా అకాడమీలో పదేళ్ల లోపు ఆడపిల్లలు, మగపిల్లలు సమానంగా ఉంటారు. పద్నాలుగు వచ్చేసరికి టోర్నీకి వేరే ఊరు పంపాలంటే, హోటల్లో ఉంచాలంటే ఇంట్లో భయం, ఆడపిల్లలు ఒక్కొక్కరే మానేస్తారు. మహిళల విభాగంలో ప్రైజ్ మనీ ఉంది కాబట్టి కొందరైనా మిగులుతున్నారు. అంటే చెస్‌లో విడదీయడానికి కారణం ఒంట్లో లేదు, ఇంట్లో ఉంది. ఒకే పేరుతో రెండు వేర్వేరు పనులు జరుగుతున్నాయి, ఒక చోట శరీరంలోని తేడాకు, ఇంకో చోట సమాజం పెట్టిన అడ్డంకికి. ఈ రెండూ కలిపేసి మాట్లాడితే తేలదు.

తుపాకీ_రాముడు_కాదు
షూటింగ్ గురించి ఒకటి చెప్తా, చాలామందికి తెలియదు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్కీట్ (గాల్లోకి వదిలే మట్టి పలకలను తుపాకీతో కొట్టే పోటీ) అందరికీ కలిపే ఉండేది. చైనా అమ్మాయి జాంగ్ షాన్ ఫైనల్‌కి ముందు 200కి 200 కొట్టి, మొత్తం 223తో మగవాళ్లందరినీ దాటి స్వర్ణం తీసుకుంది. 1996లో అదే ఈవెంట్ మగవాళ్లకు మాత్రమే అయింది, మహిళల స్కీట్ అంటూ ఏదీ లేదు. గెలిచిన మనిషికి టైటిల్ నిలబెట్టుకునే అవకాశమే లేకుండా పోయింది! 2000లో గానీ మహిళల స్కీట్ రాలేదు. విడదీసేది ఎప్పుడూ ఆడవాళ్ల మేలు కోసమే అనుకునేవాళ్లు ఈ ఒక్కటీ గుర్తు పెట్టుకోండి.

పీఈటీ_మాస్టారు
బాగుంది, ఇవన్నీ నాకు పనికొస్తాయి. మా దగ్గర ఐదో తరగతి వరకు నేను అందరినీ కలిపే పరిగెత్తిస్తాను, ఆ వయసులో ఆడపిల్లలే ముందొచ్చే రోజులు చాలా ఉంటాయి. ఏడు, ఎనిమిదికి వచ్చేసరికి మగపిల్లలు ఒక్క వేసవి సెలవుల్లో మారిపోయి వస్తారు, జూన్‌లో చూస్తే గుర్తుపట్టలేం. అప్పుడు విడదీయకపోతే ఆడపిల్లలు గ్రౌండ్‌కి రావడమే మానేస్తారు. కాబట్టి విడదీయాలా వద్దా అన్న దాని మీద నాకు సందేహం లేదు. నా సందేహం గేటు దగ్గర.

డాక్టరమ్మ_విశాఖ
మాస్టారు గారూ, ఆ వేసవి సెలవుల్లో జరిగేదే ఈ కథ అంతా. టెస్టోస్టిరాన్. పెద్దయిన మగవాళ్లలో లీటరు రక్తానికి సుమారు 8 నుంచి 29 నానోమోల్స్ ఉంటుంది, ఆడవాళ్లలో మామూలుగా 2 లోపే. కండ, ఎముక పొడవు, గుండె పరిమాణం, హిమోగ్లోబిన్ అన్నీ దాని వెంటే వస్తాయి.

కానీ శరీరాలన్నీ రెండు డబ్బాల్లో పట్టవు. నా ప్రాక్టీస్‌లో చూసేదే చెప్తున్నాను, పదహారేళ్లు వచ్చినా పెద్దమనిషి కాలేదని తల్లి కూతుర్ని తీసుకొస్తుంది. పరీక్ష చేస్తే క్రోమోజోములు ఎక్స్‌వై, కడుపులో వృషణాలు, టెస్టోస్టిరాన్ మగవాళ్ల స్థాయిలో. అయినా ఆ పిల్ల శరీరం ఆ హార్మోన్‌కి అసలు స్పందించదు. పుట్టిన దగ్గర్నుంచి ఆడపిల్ల, చూడ్డానికి ఆడపిల్ల, తనకు తాను ఆడపిల్ల. హార్మోన్ వల్ల ఆమెకు ఆటలో వచ్చే లాభం సున్నా. ఇంకో రకం ఉంటుంది, పుట్టినప్పుడు ఆడపిల్లలా కనిపించి, ఈడొచ్చాక శరీరం ఆ హార్మోన్‌కి స్పందిస్తుంది, కండ పడుతుంది. వీళ్లకు లాభం ఉంటుంది. ఈ రెండింటికీ మధ్య సగం సగం స్పందించేవాళ్లూ ఉంటారు. బయటి నుంచి చూసి ఎవరూ చెప్పలేరు. గొంతు, జుట్టు చూసి అసలే చెప్పలేరు.

లా_మూడో_సంవత్సరం
ఈ విషయంలో మనకు దగ్గరి కేసు రన్నర్ ద్యుతీ చంద్. ఒడిశా చేనేత కుటుంబం పిల్ల. 2014లో ఆసియా జూనియర్ పోటీల్లో రెండు స్వర్ణాలు గెలిచింది, ఆ వెంటనే టెస్టోస్టిరాన్ ఎక్కువుందని గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల జట్టులోంచి తీసేశారు. అప్పుడు ఆమె వయసు పద్దెనిమిది. మందులు వాడి తగ్గించుకో లేదా ఆపరేషన్ చేయించుకో అన్న దారి ఆమె పట్టలేదు, స్విట్జర్లాండ్‌లోని క్రీడా వివాదాల కోర్టు కాస్‌కి వెళ్లింది. 2015 జూలైలో తీర్పు వచ్చింది. హార్మోన్ ఎక్కువుంటే ఎంత లాభమో మీరు చూపించిన ఆధారం చాలదు, రెండేళ్లలో తెండి అని చెప్పి, టెస్టోస్టిరాన్ 10 నానోమోల్స్ లోపు ఉండాలన్న అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య రూల్‌ను నిలిపేసింది. ఆ కాలంలో ఆమె శిక్షణ తీసుకున్నది మన హైదరాబాద్‌లోనే, నాగపురి రమేశ్ గారి దగ్గర. 2016లో 11.24 సెకన్లలో పరిగెత్తి రియో వెళ్లింది.

తర్వాత సమాఖ్య ఒక అధ్యయనం తెచ్చింది. దాని ఆధారంగా 2018లో కొత్త రూల్ వచ్చింది, 400 మీటర్ల నుంచి మైలు వరకు మాత్రమే, పరిమితి 5. ద్యుతీ పరిగెత్తేది 100, 200 కాబట్టి ఆమె బయటపడింది, ఆ ఏడాదే జకార్తా ఏషియాడ్‌లో రెండు రజతాలు. దెబ్బ పడింది దక్షిణాఫ్రికా 800 మీటర్ల రన్నర్ సెమెన్యా మీద. 2019లో కాస్ 2-1 తేడాతో ఆమెకు వ్యతిరేకంగా చెప్పింది. ఆ తీర్పులో ఒక మాట మీరు చూడాలి, ఇది వివక్షే, కానీ అవసరమైన వివక్ష అని దాని సారాంశం. వివక్ష అని ఒప్పుకుంటూనే సమర్థించారు! ఇంకో విచిత్రం, ఆ అధ్యయనం రాసినవాళ్లే 2021లో అది కారణాన్ని రుజువు చేయదని సవరణ ప్రచురించారు. 2025 జూలైలో యూరప్ మానవ హక్కుల కోర్టు సెమెన్యాకు న్యాయమైన విచారణ దక్కలేదని తేల్చింది. అప్పటికి ఆమె పరుగు అయిపోయింది.

పాత_రన్నర్_వరంగల్
బాబూ, కేసులు బాగా చెప్పావు. కానీ ఎప్పుడూ ఒకరి కథే చెప్తారు. పక్క లేన్‌లో పరిగెత్తినవాళ్ల కథ ఎవరూ చెప్పరు. నాలుగో స్థానంలో వచ్చిన అమ్మాయి కూడా తెల్లవారుజామున నాలుగున్నరకు లేచిందే. ఆమె కూడా పేదదే. పక్క లేన్‌లో ఉన్నామెకు మగవాళ్ల స్థాయి హార్మోన్ ఉండి, శరీరం దాన్ని వాడుకుంటుంటే, నా వర్కవుట్‌కి అర్థం ఏంటి? ఇది ద్వేషం కాదు. ఆమె తప్పు లేదు, నాకు తెలుసు. నా తప్పు కూడా లేదు కదా. విభాగం ఉండాలంటే గీత ఉండాలి, గీత ఉంటే ఎవరో ఒకరు అవతల పడతారు, అది బాధగా ఉంటుందని గీతే తీసేస్తే అందరం అవతలే.

క్లారిటీ_క్లారిటీ
ఇంత చర్చ దేనికండీ. ఒక్క టెస్ట్. బుగ్గ లోపల దూదితో రుద్దితే చాలు, ఎస్‌ఆర్‌వై జన్యువు (వై క్రోమోజోమ్ మీద ఉండేది, వృషణాలు ఏర్పడేలా చేసేది) ఉందా లేదా వచ్చేస్తుంది. 2025 సెప్టెంబరు నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య అదే పెట్టింది, జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. మాస్టారు గారు ఆ పిల్లకు చేయించి కాగితం ఆ పెద్దమనిషి మొహాన కొట్టొచ్చు.

డాక్టరమ్మ_విశాఖ
క్లారిటీ గారూ, మీరు కొత్తది అనుకుంటున్నది పాతదే. 1966లో బుడాపెస్ట్‌లో యూరప్ పోటీలప్పుడు డాక్టర్ల ముందు అమ్మాయిలను బట్టలు లేకుండా నిలబెట్టి చూశారు. అది మరీ ఘోరంగా ఉందని 1968లో బుగ్గ కణాల్లో క్రోమోజోమ్ పరీక్ష మొదలైంది. స్పెయిన్ హర్డ్లర్ మరియా పటీన్యో 1985లో అందులో తప్పింది, గాయం నటించి ఇంటికి వెళ్లిపొమ్మని సలహా ఇచ్చారు, తర్వాత ఆమె వినకుండా పోటీ చేస్తే విషయం పత్రికలకెక్కింది. రికార్డులు తీసేశారు, స్కాలర్‌షిప్ పోయింది, పెళ్లి కుదిరినవాడు వదిలేశాడు. ఆమెది నేను పైన చెప్పిన మొదటి రకం, శరీరం హార్మోన్‌కి స్పందించదు. మూడేళ్లకు మళ్లీ అనుమతించారు, అప్పటికి ఆ ఫామ్ లేదు.

ఇక ఎస్‌ఆర్‌వై. 1996 అట్లాంటాలో 3,387 మందికి చేశారు, ఎనిమిది మందికి ఉందని వచ్చింది. ఎనిమిది మందినీ ఆడనిచ్చారు. ఎందుకంటే ఒక్కరు తప్ప మిగతా ఏడుగురూ పూర్తిగానో కొంతవరకో హార్మోన్‌కి స్పందించని రకం. అందుకే 1999లో ఒలింపిక్ కమిటీ ఈ పరీక్షలే ఆపేసింది. ఇప్పటి రూల్‌లో పూర్తిగా స్పందించనివాళ్లకు మినహాయింపు ఉంది, అది మంచిదే, కానీ అది తేలాలంటే బుగ్గ దూదితో ఆగదు, పరీక్ష మీద పరీక్ష. 1990లో ఎస్‌ఆర్‌వైని కనిపెట్టిన ఆస్ట్రేలియా శాస్త్రవేత్త సింక్లెయిరే ఈ వాడకం తప్పని 2025లో బహిరంగంగా రాశాడు.

ఒక పద్నాలుగేళ్ల పిల్లకు, మండల స్థాయి పరుగు కోసం, ఎవరో నవ్వాడని ఆ పరీక్ష చేయిస్తారా? ఫలితం అనుకోనిది వస్తే ఆ ఊళ్లో ఆమెకు ఎవరు చెప్తారు, ఎలా చెప్తారు? నాకైతే పెద్దాసుపత్రిలో, తలుపులు వేసుకుని, తల్లిదండ్రులతో మూడు నాలుగు సిట్టింగ్‌లు పడుతుంది. ఇంకోటి కూడా తెలియాలి. పేద దేశాల పల్లెల నుంచి వచ్చిన 18 నుంచి 21 ఏళ్ల మధ్య నలుగురు క్రీడాకారిణులకు ఫ్రాన్స్‌లో ఆపరేషన్లు చేసినట్టు 2013లో అక్కడి డాక్టర్లే వైద్య పత్రికలో రాసుకున్నారు. ఆరోగ్యం కోసం అవసరం లేని ఆపరేషన్లవి. పోటీలో నిలవడానికి.

క్లారిటీ_క్లారిటీ
సరే మేడం, మండల స్థాయికి వద్దు, ఒప్పుకున్నా. అంతర్జాతీయ స్థాయిలో మాత్రం ఏదో ఒక పరీక్ష ఉండాలనే నా మాట.

పాత_రన్నర్_వరంగల్
అది నా మాట కూడా. ఎవరి దగ్గర, ఎలా అన్నదే తేడా.

జూబ్లీ_బస్టాండ్
హాంగ్జౌ ఏషియాడ్ మర్చిపోయారా? 2023లో హెప్టాథ్లాన్‌లో (ఏడు ఈవెంట్ల పాయింట్లు కలిపే పోటీ) మన తెలంగాణ అమ్మాయి అగసర నందిని 5,712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. నాలుగో స్థానంలో వచ్చిన మన దేశపు అమ్మాయికి 5,708. నాలుగంటే నాలుగు పాయింట్లు. ఆ ఓడిన బాధలో సోషల్ మీడియాలో ఆమె నందిని మీద ట్రాన్స్‌జెండర్ అని ఆరోపణ పెట్టేసింది. తర్వాత తీసేసింది, పతకం నందినిదే. కానీ జీవితంలో మొదటి పెద్ద పతకం పట్టుకుని విమానం దిగితే ఎదురుగా మైకులు పట్టుకుని అడిగేది అదే ప్రశ్న. గురుకులంలో చదివి అక్కడిదాకా వెళ్లిన పిల్ల. మాస్టారూ, మీ స్కోరర్ టేబుల్ దగ్గర జరిగిందీ ఇదే, కాకపోతే అక్కడ దేశమంతా చూసింది.

వేణుగానం77
నిప్పు లేనిదే పొగ రాదు కదా, ఆ అమ్మాయి ఫొటో చూస్తే
*(ఈ పోస్టులో మిగిలిన భాగాన్ని మోడరేటర్ తొలగించారు)*

మోడరేటర్
ఒకరి ఫొటో చూసి శరీరం గురించి ఊహలు ఇక్కడ రాయొద్దు. సరిగ్గా దాని గురించే నాలుగు గంటలుగా మాట్లాడుకుంటున్నాం. రెండోసారి రాస్తే ఖాతా ఆపేస్తాను.

శాంతి_గుర్తుంది
పొగ గురించి మాట్లాడిన పెద్దమనిషికి ఒక్క పేరు చెప్తాను. శాంతి సౌందరరాజన్, తమిళనాడు పుదుక్కోట్టై జిల్లా. 2006 దోహా ఏషియాడ్‌లో 800 మీటర్ల రజతం. తర్వాత పరీక్షలో తప్పిందని పతకం వెనక్కి తీసుకున్నారు, విషయం ఆమె కంటే ముందు టీవీలకు తెలిసింది. ఇటుక బట్టీలో పని చేసింది. ఆమె ఏ మందూ వాడలేదు, ఎవరినీ మోసం చేయలేదు. తర్వాత కోచ్ అయింది, అది ఆమె గట్టితనం. మీ పొగ కింద ఉన్నది ఇది.

డల్లాస్_నాన్న
ఇక్కడ అమెరికాలో ఈ చర్చ పూర్తిగా వేరే రూపంలో ఉందండీ, అందరూ మాట్లాడేది ట్రాన్స్ అమ్మాయిల గురించే. మా అమ్మాయి హైస్కూల్ స్విమ్మర్. 1972లో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చాకే ఇక్కడ ఆడపిల్లలకు కాలేజీ ఆటల్లో చోటు దొరికింది, అందుకే తల్లిదండ్రులు దాన్ని ప్రాణంలా చూస్తారు. 2025 ఫిబ్రవరిలో కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ మహిళల విభాగాన్ని పుట్టుకతో ఆడవాళ్లైన వారికే పరిమితం చేసింది. దానికి రెండు నెలల ముందు దాని అధ్యక్షుడే సెనేట్‌లో చెప్పాడు, 5 లక్షల 10 వేల మంది ఆటగాళ్లలో తనకు తెలిసిన ట్రాన్స్ ఆటగాళ్లు పది మంది కూడా లేరని. ఎన్నికల ప్రకటనలు చూస్తే పది లక్షల మంది ఉన్నారేమో అనిపిస్తుంది.

అయినా తండ్రిగా నిజం చెప్తాను. నా కూతురి పక్క లేన్‌లో మగపిల్లాడిగా ఈడేరిన మనిషి ఉంటే నాకు ఇబ్బందే. ఈ రెండూ ఒకేసారి నాలో ఉన్నాయి, ఏం చేయను.

నేనూ_పరిగెత్తా
రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నేను ట్రాన్స్ మహిళను, హైదరాబాద్. స్కూల్లో 1500 మీటర్లు పరిగెత్తేదాన్ని, అబ్బాయిల లైన్లో. ఇంటర్‌లో మానేశాను. పరుగు కష్టమై కాదు, డ్రెస్సింగ్ రూమ్ కష్టమై.

డల్లాస్ నాన్నగారూ, మీరు నిజం చెప్పారు కాబట్టి నేనూ చెప్తాను. నేను హార్మోన్లు మొదలుపెట్టి ఆరేళ్లయింది. బలం తగ్గింది, కానీ నా ఎత్తు తగ్గలేదు, ఎముకలు అవే. ఒలింపిక్స్‌లో మహిళల విభాగంలో నన్ను పరిగెత్తనివ్వాలని నేను అడగను. చాలామంది ట్రాన్స్ వాళ్లు నాతో ఒప్పుకోకపోవచ్చు. కానీ మీరంతా ఒలింపిక్స్ గురించే మాట్లాడతారు. నేను అడిగేది ఆదివారం పొద్దున నెక్లెస్ రోడ్డు మీద 5కే గురించి. రిజిస్ట్రేషన్ ఫారంలో రెండే గడులు. ఏది నొక్కినా ఎవరో ఒకరు చూస్తారు. ఓపెన్ కేటగిరీ పెడతాం అంటారు, 2023లో బెర్లిన్‌లో ఈత సమాఖ్య పెట్టింది, ఒక్క ఎంట్రీ కూడా రాలేదు. ఎందుకు వస్తుంది? అందులో దిగడం అంటే మెడలో బోర్డు వేసుకుని దిగడమే కదా.

పాత_రన్నర్_వరంగల్
చెల్లీ, 5కేలో ఏ గడి అయినా నొక్కు. అక్కడ నేను గీత గీయను. టైమ్ చిప్ ఇచ్చేది, అరటిపండు ఇచ్చేది అందరికీ ఒకటే. పోడియం, డబ్బు, సీటు, ఉద్యోగం ఉన్న చోట మాత్రమే నాకు గీత కావాలి. ఈ సంగతి నేను ఇంత విడమర్చి ఇంతవరకు చెప్పుకోలేదు, నువ్వు రాశాక తట్టింది.

నేనూ_పరిగెత్తా
థాంక్యూ అక్కా. 1500లో నా బెస్ట్ మీకు చెప్తే కొడతారు, అందుకే చెప్పను 🙂

లా_మూడో_సంవత్సరం
ఒక ఆలోచన. పారా క్రీడల్లోలాగా చేస్తే? మన కల్లెడ దీప్తి జీవాంజి 2024 కోబేలో టీ20 విభాగంలో (మేధో వైకల్యం ఉన్నవాళ్ల పరుగు విభాగం) 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ విజేత అయింది, పారిస్‌లో కాంస్యం. అక్కడ నిపుణులు ప్రతి ఒక్కరినీ పరీక్షించి ఏ విభాగమో చెప్తారు. దాన్ని ఎవరూ అవమానం అనుకోరు, అందరికీ ఉంటుంది కాబట్టి.

జూబ్లీ_బస్టాండ్
అక్కడా మోసాలున్నాయి తమ్మీ. అదే 2000 సిడ్నీలో, పారాలింపిక్స్‌లో, మేధో వైకల్యం విభాగంలో స్వర్ణం గెలిచిన స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టులో పన్నెండు మందిలో పది మందికి ఏ వైకల్యం లేదని బయటపడింది. దాంతో ఆ విభాగాలన్నీ తీసేశారు, 2012 దాకా తిరిగి రాలేదు. దీప్తి పరిగెత్తే టీ20 కూడా అందులోదే. అంటే ఎవరో చేసిన మోసానికి పన్నెండేళ్లు అసలు వాళ్లు ఇంట్లో కూర్చున్నారు. కానీ నీ మాటలో ఒక పాయింట్ ఉంది, అందరికీ చేస్తే అవమానం ఉండదు. అనుమానం వచ్చినవాళ్లకే చేయడం, అదీ అనుమానం ఎప్పుడూ నల్లగా, పొడుగ్గా, పేదగా ఉన్న పిల్లల మీదే రావడం, అక్కడుంది చెడంతా.

డాక్టరమ్మ_విశాఖ
అది నిజం. ఈ కారణంతోనే సమాఖ్య కూడా అందరికీ ఒకసారి అంటోంది, ఆ మేరకు అది పాత పద్ధతి కంటే మేలు. నా అభ్యంతరం ఫలితం వచ్చాక ఆమె చేయి పట్టుకునేది ఎవరు అన్నదాని మీద.

లా_మూడో_సంవత్సరం
మాస్టారు గారూ, మీకు పనికొచ్చే మాట ఒకటి. పోటీల్లో అభ్యంతరం అంటే రాతపూర్వకంగా, సంతకంతో ఇవ్వాలి. నోటిమాట అభ్యంతరం కాదు, అది వెక్కిరింపు. ఈసారి ఎవరైనా అడిగితే ఒక తెల్లకాగితం, పెన్ను ఇచ్చి "మీ పేరు, మీ స్కూలు, మీ అనుమానం రాసి సంతకం పెట్టండి" అనండి. చాలావరకు అక్కడే ఆగిపోతుంది.

పీఈటీ_మాస్టారు
అందరికీ ఒక్కసారే జవాబు రాస్తున్నాను, జిల్లా పోటీల పనిలో పడి ఆలస్యమైంది.

ఆ పిల్ల రెండు రోజులు గ్రౌండ్‌కి రాలేదు. మూడో రోజు వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ జీడిపప్పు ఒలుస్తోంది, చేతులు నల్లగా ఉన్నాయి. "ఇంకెవడైనా అడిగితే నన్ను పిలవండి మాస్టారూ, నేనొచ్చి చెప్తాను" అంది. అంతకు మించి మాట్లాడలేదు. నేనూ డాక్టరమ్మ గారు చెప్పినవి ఏవీ ఎత్తలేదు, అవసరం లేదనిపించింది. మర్నాడు పిల్ల వచ్చింది.

నిన్న జిల్లా స్థాయి అయింది. జేబులో తెల్లకాగితం పెట్టుకునే వెళ్లాను. మండలంలో అడిగినాయన కూడా వచ్చాడు, నమస్కారం పెట్టాడు. కాగితం తీసే అవసరం రాలేదు, ఎందుకంటే మా పిల్ల రెండో స్థానంలో వచ్చింది. స్టాప్‌వాచ్‌లో ఒక నిమిషం మూడు సెకన్లు. ఫస్ట్ వచ్చిన అమ్మాయి ఏజెన్సీ ప్రాంతం నుంచి వచ్చింది, గాలిలా వెళ్లిపోయింది. ఆమె గీత దాటగానే నా పక్కన కూర్చున్న ఇద్దరు తల దగ్గర పెట్టుకుని ఏదో గొణుక్కున్నారు. నేను వాళ్ల వైపు తిరిగి కాగితం, పెన్ను చాపాను. ఒకాయన "ఎందుకండీ ఇది" అన్నాడు. చెప్పాను. లేచి టీకి వెళ్లిపోయారు.

గుంటూరు_కారం
మాస్టారూ 🙏

పాత_రన్నర్_వరంగల్
1:03 అంటే తొమ్మిదో తరగతికి బాగుంది మాస్టారూ. మొదటి 200 ఎంతలో తీసింది, చూశారా?

పీఈటీ_మాస్టారు
28 చిల్లర.

పాత_రన్నర్_వరంగల్
అదీ సంగతి. ముందే అంతా ఖర్చు పెట్టేసింది, ఆఖరి వంద నడిచినట్టు వచ్చి ఉంటుంది. మొదటి 200 ముప్ఫైలో తీయమనండి, అప్పుడు ఒక నిమిషానికి దగ్గరకొస్తుంది. వారానికి ఒకసారి 300 మీటర్లు మూడుసార్లు పరిగెత్తించండి, మధ్యలో ఎనిమిది నిమిషాల రెస్ట్. ఆ ఏజెన్సీ పిల్ల పీఈటీ నంబర్ ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, ఆమె టైమింగ్ కూడా కావాలి.